ముందు నిద్ర వేళ, తర్వాతే జిమ్ వేళ: కండ పెంచాలనుకునేవారికి సమగ్ర మార్గదర్శి

తెల్లవారుజామున 5:30కి జిమ్ షట్టర్ ఎత్తకముందే మెట్ల మీద కూర్చుని ఎదురుచూసే కుర్రవాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. అయితే వారిలో కొందరు రాత్రి 12:30 దాకా ఫోను చూసి, నాలుగు గంటలు పైపైన పడుకుని, కళ్లు నలుపుకుంటూ వచ్చినవారే. ప్రొటీన్ పొడిని గ్రాముల్లో తూస్తారు, సెట్ల మధ్య విరామాన్ని సెకన్లలో కొలుస్తారు, నిద్ర దగ్గరికి వచ్చేసరికి మాత్రం అన్ని పనులూ అయ్యాక మిగిలినంత సేపే పడుకుంటారు. ఈ వరుసను తలకిందులు చేయాలన్నదే ఈ మార్గదర్శి ఉద్దేశం. రోజులోని 24 గంటల్లో ముందుగా నిద్రకు చోటు కేటాయించి, వ్యాయామాన్ని మిగిలిన సమయంలో సర్దుకోవాలి.

నిద్ర వల్లే కండ పెరుగుతుందని ఇక్కడ చెప్పడం లేదు. పెంచేవి బరువులు, తిండి. బరువులు ఎత్తిన తర్వాత ఒకటి రెండు రోజుల పాటు కండరంలో కొత్త ప్రొటీన్ తయారయ్యే వేగం మామూలు కన్నా ఎక్కువగా ఉంటుంది, అదే సమయంలో పాత ప్రొటీన్ కొంత కరుగుతూనే ఉంటుంది. తయారీ కరుగుదలను మించితేనే కండ మిగులుతుంది. నిద్ర తగ్గినప్పుడు దెబ్బ తగిలేది ఈ తేడా మీదనే.

నిద్ర తగ్గితే ఎంత నష్టం?

ఆస్ట్రేలియాలో 13 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకులతో ఒక పరీక్ష చేసి 2021లో ఫలితాలు ప్రచురించారు. ఒక్క రాత్రి పూర్తిగా మేలుకున్న తర్వాత, మామూలుగా నిద్రపోయిన రాత్రితో పోల్చి చూస్తే కండరంలో ప్రొటీన్ తయారీ 18 శాతం తగ్గింది, ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసాల్ 21 శాతం పెరిగింది, కండ పెరగడానికి తోడ్పడే హార్మోన్ టెస్టోస్టిరాన్ 24 శాతం పడిపోయింది. ఒక రాత్రంతా మేలుకోవడం మనకు రోజూ జరిగేది కాదు కాబట్టి, మన జీవితానికి దగ్గరగా ఉండే మరో పరీక్షను చూడాలి. షికాగో విశ్వవిద్యాలయంలో 10 మంది ఆరోగ్యవంతులైన యువకులు వారం పాటు రాత్రికి 5 గంటలే పడుకోగా, పగటిపూట వారి టెస్టోస్టిరాన్ 10 నుంచి 15 శాతం తగ్గినట్టు 2011లో వెల్లడైంది.

నాకు వీటన్నిటికన్నా కనువిప్పు కలిగించింది అదే విశ్వవిద్యాలయం నుంచి 2010లో వచ్చిన పరిశోధన. అధిక బరువున్న 10 మందికి తిండి తగ్గించి, రెండు వారాలు రాత్రికి 8.5 గంటలు, మరో రెండు వారాలు 5.5 గంటలు మాత్రమే పడక మీద గడపనిచ్చారు. రెండు విడతల్లోనూ దాదాపు 3 కిలోల చొప్పున బరువు తగ్గింది. తూకం యంత్రం ఏ తేడా చూపలేదు గాని, తగ్గినదేమిటో విడదీసి చూస్తే కథ వేరుగా ఉంది: సరిపడా పడుకున్నప్పుడు పోయిన కొవ్వు 1.4 కిలోలు కాగా, నిద్ర తగ్గించినప్పుడు 0.6 కిలోలే పోయింది, మిగిలిన బరువంతా కొవ్వు కాని కణజాలం నుంచి తగ్గింది. పెళ్లికో, పోటీకో నెల ముందు కడుపు మాడ్చుకుంటూ, నిద్ర కూడా తగ్గించి రెండు పూటలా జిమ్‌కు పోయేవారు ఈ లెక్కను ఒకసారి ఆలోచించాలి.

ఇక గ్రోత్ హార్మోన్ మాట. "రాత్రి 10 నుంచి 2 మధ్యనే ఆ హార్మోన్ వస్తుంది, ఆ వేళ దాటితే ఎంత పడుకున్నా వృథా" అని జిమ్‌లలో చెప్పుకుంటారు. దాని పెద్ద విడుదల ప్రధానంగా నిద్ర పట్టిన తర్వాత వచ్చే మొదటి గాఢనిద్రను అంటిపెట్టుకుని ఉంటుంది గాని, గడియారాన్ని చూసుకుని రాదు. నిద్ర ఆలస్యమైతే అదీ ఆలస్యమవుతుందని 1968లోనే గమనించారు. పైగా మన ఒంట్లో సహజంగా విడుదలయ్యే మోతాదులో అది కండ నారుల కన్నా కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువుల మరమ్మతుకు ఎక్కువగా తోడ్పడుతుంది. కాబట్టి 11 గంటలకు పడుకునేవారు బెంగపడనక్కరలేదు. రోజూ అదే వేళకు పడుకుంటే చాలు.

మొదటి మెట్టు: రెండు వారాలు ఉన్నది ఉన్నట్టు రాసుకోండి

ఏదీ మార్చకుండా, వ్యాయామం రాసుకునే నోటు పుస్తకంలోనే నాలుగు అంకెలు చేర్చండి. దీపం ఆర్పిన వేళ, లేచిన వేళ, మధ్యలో మెలకువగా ఉన్న నిమిషాలు, మర్నాడు ముఖ్యమైన వ్యాయామంలో ఒక్కో సెట్‌లో చేసిన రెప్స్ (బరువును ఎన్నిసార్లు ఎత్తారో ఆ లెక్క). నా పుస్తకంలోని ఒక పాత పుట ఇలా ఉంది (స్క్వాట్ అంటే భుజాల మీద బరువుతో కూర్చుని లేవడం, చివరి అంకెలు ఒక్కో సెట్‌లోని రెప్స్):

సోమవారం: 10:40 – 5:45, మెలకువ 15, స్క్వాట్ 80 కిలోలు, 6, 6, 6.
బుధవారం: 12:10 – 5:15, మెలకువ 20, స్క్వాట్ 80 కిలోలు, 6, 5, 4.
శుక్రవారం: 12:40 – 5:15, మెలకువ 10, స్క్వాట్ 80 కిలోలు, 5, 4, వదిలేశాను.

ఆ శుక్రవారం నేను కొత్త వ్యాయామ ప్రోగ్రాం కోసం వెతికాను. లోపం ప్రోగ్రాంలో లేదని, పక్క గడిలోని అంకెల్లో ఉందని గ్రహించడానికి మరో నెల పట్టింది. మొత్తం 18 రెప్స్ నుంచి 9కి పడిపోయాను, అంటే ఆ రోజు కండరానికి అందిన పని సగమే.

ఈ తరహా క్షీణత పెద్ద వ్యాయామాల్లో ముందుగా కనిపిస్తుంది. 1994లో ప్రచురితమైన ఒక పరిశోధనలో వరసగా మూడు రాత్రులు 3 గంటల చొప్పున పడుకున్న యువకులకు బెంచ్ ప్రెస్ (వెల్లకిలా పడుకుని బరువును పైకి నెట్టడం), లెగ్ ప్రెస్ (కాళ్లతో బరువును నెట్టడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును పైకెత్తి నిలబడడం) వ్యాయామాల్లో గరిష్ఠ బలం తగ్గింది గాని, మోచేయి మడిచి చేసే బైసెప్స్ కర్ల్‌లో ఎత్తగలిగిన గరిష్ఠ బరువు చెప్పుకోదగ్గంత మారలేదు. అందువల్ల మీ నిద్ర చాలుతున్నదో లేదో తెలుసుకోవడానికి కర్ల్‌ను కాక స్క్వాట్‌నో డెడ్‌లిఫ్ట్‌నో కొలబద్దగా పెట్టుకోండి. అద్దం ముందు చేయి బాగానే కనబడుతుంది, అది మోసం.

చేతి గడియారాలు చూపించే గాఢనిద్ర నిమిషాలను మరీ నమ్మకండి. ఎన్ని గంటలు పడుకున్నారో అవి ఓ మాదిరిగా చెప్పగలవు గాని, ఏ దశలో ఎంతసేపు ఉన్నారో చెప్పడంలో తరచు తప్పుతాయి.

రెండవ మెట్టు: లేచే వేళ నుంచి వెనక్కి లెక్కగట్టండి

పెద్దవారికి రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలని వైద్య సంఘాలు చెబుతున్నాయి, 13 నుంచి 18 ఏళ్ల లోపు పిల్లలకు 8 నుంచి 10 గంటలు కావాలి. బరువైన వ్యాయామం చేసే పెద్దవారు 7:30 నుంచి 8:30 గంటల నిద్రను గురిగా పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. పడక మీద ఉన్న సమయమంతా నిద్ర కాదు. నిద్ర పట్టడానికి పావుగంట, మధ్యలో మెలకువలకు మరో పావుగంట పోతుంది కనుక, 7:30 గంటల నిద్ర కావాలంటే పడక మీద 8 గంటలు ఉండాలి.

ఉదయం 5:30 బ్యాచ్‌కు వెళ్లాలంటే 5 గంటలకు లేవాలి, అంటే రాత్రి 9 గంటలకు దీపం ఆర్పాలి. ఉమ్మడి కుటుంబంలోనో, ముగ్గురు కుర్రాళ్లు ఉండే హాస్టల్ గదిలోనో, హైదరాబాద్ ట్రాఫిక్‌లో పడి 8:30కి ఇల్లు చేరే ఉద్యోగికో ఇది కుదిరే పని కాదు. అటువంటప్పుడు నిజాయితీగా ఒప్పుకుని, జిమ్‌ను సాయంత్రానికి మార్చడమో, వారానికి ఆరు రోజులకు బదులు మూడు లేక నాలుగు రోజులే వెళ్లడమో చేయాలి. ఆరు రోజులు 5 గంటల నిద్రతో చేసే వ్యాయామం కన్నా, నాలుగు రోజులు నిండు నిద్రతో చేసేదే నా లెక్కలో ఎక్కువ.

ఒకేసారి రెండు గంటలు ముందుకు జరపకండి, నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లి విసుగెత్తిపోతారు. నాలుగైదు రోజులకోసారి 15 నుంచి 20 నిమిషాలు ముందుకు జరపండి. లేచే వేళను మాత్రం ఆదివారం కూడా గంటకు మించి మార్చకండి. నిద్ర చాలదనిపించిన రోజు ఉదయం పడుకోవడం కన్నా, రాత్రి తొందరగా పడుకోవడం మేలు.

ఇలా పొడిగించడం వల్ల లాభం ఉంటుందా అన్న ప్రశ్నకు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ జట్టు ఒక జవాబు. 11 మంది ఆటగాళ్లు 5 నుంచి 7 వారాల పాటు రాత్రికి 10 గంటలు పడక మీద గడిపేందుకు ప్రయత్నించగా, వారి పరుగు పరీక్ష సమయం 16.2 సెకన్ల నుంచి 15.5కి తగ్గిందని, ఫ్రీ త్రోల కచ్చితత్వం 9 శాతం పెరిగిందని 2011లో ప్రకటించారు. వారితో పోల్చడానికి మామూలుగా నిద్రపోయిన మరో బృందం ఆ పరిశోధనలో లేదు కనుక, దీన్ని ఆశ కలిగించే సూచనగానే తీసుకోవాలి.

మూడవ మెట్టు: కెఫీన్‌కు గడువు పెట్టండి

సాయంత్రం జిమ్‌కు వెళ్లేవారి నిద్రను పాడుచేసే వస్తువుల్లో మొదటిది ప్రీ వర్కౌట్ పొడి, అంటే వ్యాయామానికి ముందు ఊపు కోసం నీళ్లలో కలుపుకుని తాగేది. డబ్బా వెనక ఉన్న పట్టికలో కెఫీన్ ఎన్ని మిల్లీగ్రాములో చూడండి, చాలా రకాల్లో ఒక చెంచాకు 150 నుంచి 300 దాకా ఉంటుంది. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 6:30కి 200 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో రాత్రి 11:30కి ఇంకా 100 మిల్లీగ్రాములు తిరుగుతూ ఉంటుంది, అంటే పడుకోబోయే ముందు ఒక కప్పు కాఫీ తాగినట్టే.

"నాకు కాఫీ తాగినా నిద్ర పడుతుంది" అనేవారు చాలామంది. పడుతుంది, కాని తరుగుతుంది. పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నవారు గంటకు పైగా నిద్ర కోల్పోయారని 2013లో ప్రచురించిన పరిశోధన తేల్చింది. పడుకునే వేళకు కనీసం 8 గంటల ముందే కాఫీ, టీ, ప్రీ వర్కౌట్ అన్నీ ముగించండి. సాయంత్రం వ్యాయామానికి ఊపు కావాలంటే ఒక అరటిపండు తిని, మొదటి రెండు సెట్లు తేలిక బరువుతో నిదానంగా చేయడం చాలు. వ్యాయామం తీవ్రంగా చేసేవారు నిద్ర వేళకు కనీసం గంటన్నర ముందైనా ముగించుకోవాలి.

నాలుగవ మెట్టు: రాత్రి తిండి

ముందు రోజు మొత్తం లెక్క చూసుకోవాలి. కండ పెంచేవారికి శరీర బరువులో కిలోకు సుమారు 1.6 గ్రాముల ప్రొటీన్ సరిపోతుంది. 65 కిలోల మనిషికి ఇది 104 గ్రాములు. ఆ మొత్తం అందకపోతే పడుకునే ముందు ఏం తాగినా పెద్దగా ఒరిగేదేమీ లేదు.

అది అందుతున్నవారికి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. నెదర్లాండ్స్‌లో 2012లో వెలువడిన పరిశోధనలో, సాయంత్రం వ్యాయామం చేసి పడుకునే ముందు 40 గ్రాముల కేసీన్ (పాలలో ప్రధానంగా ఉండే ప్రొటీన్) తీసుకున్న యువకుల్లో రాత్రంతా కండర ప్రొటీన్ తయారీ సుమారు 22 శాతం ఎక్కువగా జరిగింది. ఇది చదివి ఒక గ్లాసు పాలు తాగి తృప్తిపడేవారికి చిన్న లెక్క: 250 మిల్లీలీటర్ల పాలలో మొత్తం ప్రొటీనే 8 గ్రాములు, 40 గ్రాముల కేసీన్ రావాలంటే దాదాపు లీటరున్నర తాగాలి. 100 గ్రాముల పనీర్‌లో సుమారు 18 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, అందులో ఎక్కువ భాగం కేసీనే. రాత్రి భోజనంలో పనీర్ గాని, గుడ్లు గాని, చికెన్ గాని ఉంచుకుని, పడుకునే ముందు ఆకలిగా ఉంటే పాలు తాగడం మన ఇళ్లలో తేలిగ్గా సాగే పద్ధతి. భోజనం పడుకునే వేళకు రెండు మూడు గంటల ముందు ముగియాలి. అర్ధరాత్రి బిర్యానీ తిని పడుకున్నవారికి గుండెల్లో మంట, దాహం నిద్రను నిలవనీయవు.

మద్యం గురించి ఒక్క మాట చాలు. వ్యాయామం తర్వాత ప్రొటీన్ తీసుకున్నా సరే, దానితో పాటు ఎక్కువగా మద్యం తాగినవారిలో కండర ప్రొటీన్ తయారీ 24 శాతం తగ్గింది. తాగితే తొందరగా నిద్ర పట్టినట్టుంటుంది గాని, రెండో జాములో కలత నిద్రే మిగులుతుంది.

అయిదవ మెట్టు: గది

చల్లదనం, చీకటి, నిశ్శబ్దం కావాలి. విజయవాడలోనో విశాఖలోనో మే నెల ఉక్కలో ఇవి మాటల్లో చెప్పినంత సులువు కాదు. ఏసీ ఉన్నవారు 24 నుంచి 26 డిగ్రీల మధ్య పెట్టుకుని, సన్నటి దుప్పటి కప్పుకుంటే సరిపోతుంది. లేనివారు సాయంత్రం కిటికీలు తెరిచి, దోమతెర కట్టుకుని, నూలు పక్కబట్టలు వాడి, ఫ్యాను గాలి నేరుగా తగిలేలా మంచం జరుపుకోవాలి. పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు గోరువెచ్చని నీళ్లతో స్నానం చేస్తే చర్మానికి రక్తప్రసరణ పెరిగి, లోపలి వేడి బయటికి పోయి, తొందరగా నిద్ర పడుతుంది. ఫోను ఛార్జర్‌ను మంచం పక్క నుంచి వేరే గదికి మార్చండి. అలారం కోసమే ఫోను కావాలంటారా, తక్కువ ధరకు దొరికే బల్ల గడియారం ఆ పని చేస్తుంది.

ఆరవ మెట్టు: నిద్ర చెడిన మర్నాడు ఏం చేయాలి?

ఎంత జాగ్రత్తపడినా పసిపిల్లల ఏడుపు, రాత్రి రైలు ప్రయాణం, కరెంటు కోత, పరీక్షలు ఉండనే ఉంటాయి. ఒక్క రాత్రి చెడిపోతే కంగారు పడకండి, వ్యాయామం మానకండి. 2020లో 24 మంది యువకులతో జరిపిన పరిశోధనలో అయిదు రాత్రులు 4 గంటలే పడకకు కేటాయించినప్పుడు కండర ప్రొటీన్ తయారీ తగ్గింది గాని, అదే నిద్రలేమిలో తీవ్ర విరామ వ్యాయామం (కాసేపు గట్టిగా, కాసేపు నెమ్మదిగా మార్చి మార్చి చేసేది) చేసినవారిలో అది తగ్గకుండా నిలిచింది. అంటే నిద్ర చాలని రోజున వ్యాయామం పూర్తిగా ఎగ్గొట్టడం రెండో నష్టం. చేయవలసిందల్లా దాన్ని కుదించడం.

నేను పాటించేదీ, నన్ను అడిగినవారికి చెప్పేదీ ఇది. 6 గంటలు దాటి పడుకుంటే అనుకున్న వ్యాయామం అనుకున్నట్టే చేయాలి. 4:30 నుంచి 6 గంటల మధ్య అయితే బరువు మార్చకుండా ప్రతి వ్యాయామంలో సెట్లలో మూడోవంతు తగ్గించాలి, చివరి రెప్ దాకా లాగకుండా ఒకటి రెండు మిగిల్చి ఆపాలి. అంతకన్నా తక్కువైతే బార్‌బెల్‌తో చేసే స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ మరో రోజుకు వాయిదా వేసి, మెషీన్ల మీద సగం పని చేసుకుని ఇంటికి రావాలి. కళ్లు మూతలు పడుతూ ఉంటే బైకు మీద జిమ్‌కు బయలుదేరడమే ప్రమాదం, ఆ రోజు ఇంట్లో పడుకోవడమే వ్యాయామం. వరసగా మూడు నాలుగు రోజులు ఇలాగే ఉంటే ఆ వారమంతా తేలిక వారంగా ప్రకటించుకోండి.

మధ్యాహ్నం కునుకు మనకు కొత్త కాదు. రాత్రి 4 గంటలే పడుకున్న యువకులు భోజనం తర్వాత అరగంట కునుకు తీస్తే, వారి చురుకుదనం, చిన్న దూరపు పరుగు వేగం మెరుగుపడ్డాయని 2007లో ప్రచురించిన పరిశోధనలో కనబడింది. 20 నుంచి 30 నిమిషాలకు అలారం పెట్టుకుని, 3 గంటల లోపు ముగించండి. సాయంత్రం 5 గంటలకు తీసే కునుకు రాత్రి నిద్రను తినేస్తుంది.

ఏడవ మెట్టు: నైట్ షిఫ్టు ఉన్నవారు

గచ్చిబౌలిలో అమెరికా వేళల ప్రకారం పనిచేసేవారికీ, ఫ్యాక్టరీలో సీ షిఫ్టు చేసేవారికీ పైన చెప్పిన వేళలు పనికిరావు, సూత్రం మాత్రం అదే. షిఫ్టు దిగగానే జిమ్‌కు పోకండి. ఉదయం 6 గంటలకు బయటపడి, ఎండ కంట్లో పడకుండా నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఇంటికి చేరి, తేలికగా తిని, మందపాటి కర్టెన్ వేసి 7:30 నుంచి 2:30 దాకా పడుకుని, లేచి తిన్న తర్వాత 4:30కి వ్యాయామం చేయండి. ఇంట్లోవాళ్లకు ఆ వేళల్లో బెల్లు కొట్టవద్దని, కుక్కర్ పెట్టినప్పుడు వంటింటి తలుపు వేయమని మొహమాటపడకుండా చెప్పాలి. సెలవు రోజు పూర్తిగా పగటి మనిషిగా మారిపోకుండా, తెల్లవారుజాము 3 నుంచి ఉదయం 11 దాకా పడుకుంటే రెండు వేళలకూ కలిసే మూడున్నర గంటలు స్థిరంగా ఉంటాయి. వారం వారం షిఫ్టు మారేవారు మారిన మొదటి రెండు రోజులూ బరువైన వ్యాయామం పెట్టుకోకూడదు.

ఎనిమిదవ మెట్టు: ఎనిమిది గంటలు పడుకున్నా అలసటే అయితే

ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇవన్నీ పాటించాక నోటు పుస్తకం తిరగేయండి. 2020లో వచ్చిన ఒక పరిశోధనలో 10 వారాలు వ్యాయామం చేసిన రెండు బృందాల్లోనూ కండ పెరిగింది, నిద్ర మెరుగుపరచుకునే మెలకువలు కూడా నేర్చుకున్న బృందంలో దానితో పాటు కొవ్వు తగ్గింది. కాబట్టి చేతి చుట్టుకొలత ఒక్కదాన్నే చూడకుండా నడుము కొలత కూడా రాసుకోండి. స్క్వాట్ రెప్స్ నిలకడగా ఉండి, నడుము పెరగకపోతే మీ లెక్క కుదిరినట్టే.

అంకెలు బాగున్నా పొద్దున్నే తలనొప్పి, నోరు ఎండిపోవడం, పగలు కూర్చున్నచోటే నిద్ర ముంచుకురావడం ఉంటే మీ పక్కన పడుకునేవారిని ఒక మాట అడగండి: గురక పెద్దగా ఉందా, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతున్నారా అని. ఇలా నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగడాన్ని స్లీప్ ఆప్నియా అంటారు. లావుగా ఉన్నవారికే వస్తుందనుకోవడం పొరపాటు, బరువులెత్తి మెడ బలిసినవారికి కూడా రావచ్చు. మగవారిలో మెడ చుట్టుకొలత 43 సెంటీమీటర్లు దాటడం ఒక హెచ్చరిక. ఇటువంటప్పుడు మాత్రలతోనో, మరో సప్లిమెంట్‌తోనో కాలక్షేపం చేయకుండా ఊపిరితిత్తుల వైద్యులను గాని, చెవి ముక్కు గొంతు వైద్యులను గాని కలిసి నిద్ర పరీక్ష చేయించుకోవాలి. వెళ్లేటప్పుడు ఆ నోటు పుస్తకం వెంట తీసుకువెళ్లండి. రెండు నెలల వేళలు రాసి ఉన్న కాగితం చూస్తే వైద్యులు అడగవలసిన సగం ప్రశ్నలకు జవాబు దొరికినట్టే.